మామ్మని ఏమని పిలుస్తాడు నీ హీరో?

చిరంజీవి తమ్ముడికి,

నీ గేమ్ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి పూట చదివి, ఒళ్లు మండి పక్కన పడేశాను. తెల్లారాక మళ్లీ తీసి రేవు సీను ఒక్కటే చదివాను. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

లంకకి పడవ నడిపే మామ్మ దగ్గరికి నీ హీరో వస్తాడు. ఆవిడ కొడుకు వరదలో కొట్టుకుపోయి మూడు రోజులైంది. ఆడేవాళ్లకి మూడు ఆప్షన్లు ఇచ్చావు. "నేను వెతుకుతాను." "డబ్బిస్తే వెతుకుతాను." "నాకేం పని, నీ చావు నువ్వు చావు." ఏది నొక్కినా మామ్మ మాత్రం ఒకటే మాట అంటుంది: "జాగ్రత్త నాయనా, అవతల సుడులున్నాయి." కొడుకు పోయిన తల్లిని చావమన్నవాణ్ణి ఆవిడ నాయనా అంటుందా? ఆవిడ చెవిటిది కాదు కదా. మూడు తలుపులు పెట్టి, మూడింటి వెనకా ఒకే గది కట్టావు. ఆడేవాళ్లు రెండోసారి ఆడినప్పుడు ఇది పట్టేస్తారు. ఇక నువ్వు రాసిన ఏ ఆప్షన్‌నీ నమ్మరు.

అసలు ఆ మూడు మాటలూ మనుషులు అనేవి కావు. మంచివాడు, ఆశపోతు, దుర్మార్గుడు అని బొమ్మల మెడలో పలకలు కట్టినట్టుంది. ఇది నీ ఒక్కడి తప్పు కాదు. 2007లో మాస్ ఎఫెక్ట్ అనే గేమ్ వచ్చినప్పటి నుంచి, ఆప్షన్లని తెరమీద గుండ్రంగా పేర్చే మాటల చక్రం ఫ్యాషనైంది. చక్రంలో మంచితనం పైన, మొరటుతనం కింద. ఆ గేమ్‌లో మనుషుల్ని నేనూ ప్రేమించాను, కానీ పది గంటలు ఆడేసరికి చదవడం మానేసి, పైనా కిందా అని చూసి నొక్కడం అలవాటైపోయింది. ఇక 2015లో ఫాల్అవుట్ 4 అనే గేమ్ ఆప్షన్లని నాలుగు బటన్లకి కుదించేసింది. తెరమీద ఒకటి రెండు ముక్కలే కనిపిస్తాయి, నొక్కాక హీరో నోటి నుంచి మనం అనుకోని మాట వస్తుంది. తాము ఏం అనబోతున్నారో తెలియక, ఆడేవాళ్లే గేమ్‌ని సవరించి, పూర్తి వాక్యం చూపించే మార్పు (దాన్ని 'మాడ్' అంటారు) తయారుచేసుకున్నారు. దీనికో కారణం డబ్బింగ్. హీరోకి గొంతు పెట్టారు, అదీ మగ గొంతూ ఆడ గొంతూ రెండూ. రాసిన ప్రతి ఆప్షన్‌నీ రెండుసార్లు రికార్డు చెయ్యాలి. ఖర్చు పెరిగిన చోట ముందుగా మాటకే కత్తెర పడుతుంది.

1998 నాటి ఫాల్అవుట్ 2లో హీరోకి గొంతు లేదు, అందుకే నోరుంది. హీరోకి తెలివి పాయింట్లు 4 కంటే తక్కువ ఇచ్చి ఆడితే వాడు సరిగా మాట్లాడలేడు, ఊళ్లో జనం కసురుకుంటారు. క్లామత్ ఊళ్లో టార్ అని ఓ పశువుల కాపరి ఉంటాడు. మామూలు హీరోతో అతని మాటలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. తెలివి తక్కువ హీరో వెళ్లి పలకరిస్తే మాత్రం ఇద్దరూ పండితుల్లా, నిండు వాక్యాలతో హాయిగా మాట్లాడుకుంటారు! లోకం మొద్దులన్న ఇద్దరు ఒకరికొకరు పూర్తిగా అర్థమవుతున్నారు. ఆ సీను ఎంతమంది చూస్తారని లెక్క వేసుకుంటే ఎవరూ రాయరు. ఎవరో రాశారు.

నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను. ప్లేన్‌స్కేప్ టార్మెంట్ ఆడినప్పుడు ఒడిలో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పెట్టుకుని కూర్చునేదాన్ని. 1999లో వచ్చిన గేమ్ అది, లక్షల మాటలు, ఒక్కో పేజీకి అరగంట పట్టేది నాకు. ఒక రాత్రి తెరమీద ఒకే వాక్యం రెండుసార్లు కనిపించింది. ఏదో పొరపాటనుకున్నాను. దగ్గరికి జరిగి చూస్తే ఒకదాని ముందు "నిజం" అనీ, ఇంకోదాని ముందు "అబద్ధం" అనీ ఉంది. ఎదుటివాడికి వినపడే మాట ఒకటే. మాట ఇస్తున్నప్పుడు నా మనసులో ఏముందో గేమ్ నన్ను అడుగుతోంది. మౌస్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఆ తర్వాతే గేమ్‌లకి మాటలు రాసే ఈ పని చెయ్యాలనిపించింది.

ఆప్షన్ అనేది కథని ఎటో తిప్పే మీట కాదు తమ్ముడూ. అది ఒక మనిషి ఇంకో మనిషితో అనే మాట. అన్నాక ఆ ఇద్దరి మధ్యా ఏదో మారాలి. అంతకు మించి నేను నీకు నేర్పగలిగింది లేదు.

ఇది నేర్చుకోవడానికి నాకు ఒక అవమానం కావాల్సి వచ్చింది. హైదరాబాదులో ఒక స్టూడియోకి గేమ్ డైలాగులు తెలుగు చేసేదాన్ని. ఎక్సెల్ షీటులో వాక్యాలు వచ్చేవి, ఎవరు ఎవరితో అంటున్నారో ఉండేది కాదు. "కమ్ విత్ మీ" అని ఉంటుంది. రాజుతోనా, కుక్కపిల్లతోనా? అడిగితే జవాబు రాదు, గడువు మాత్రం వస్తుంది. అన్నిటికీ "నువ్వు" పెట్టి ఇచ్చేశాను. రికార్డింగ్ రోజున, నాటకాల్లో పండిపోయిన ఒక పెద్దాయన మైకు ముందు ఆగిపోయి, అద్దం అవతలున్న నన్ను చూసి అడిగారు: "అమ్మా, వీడు గురువుని నువ్వంటాడా?" నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అక్కడి ఎడిటర్‌కి చెబితే, "అన్నిటినీ 'మీరు' చేసెయ్, గొడవుండదు" అన్నాడు. చేసేశారు కూడా. గొంతు మీద కత్తి పెట్టిన దొంగ "మీ డబ్బులివ్వండి" అనే గేమ్ నా పేరు మీద బయటికొచ్చింది. ఆ ఎడిటర్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

నువ్వు మన భాషలోనే రాస్తున్నావు. ఇంగ్లీషులో ఎవరినైనా "యూ" అనాల్సిందే. నీ చేతిలో నువ్వుంది, మీరుంది, ఒసేయ్ ఉంది, వరసలున్నాయి. ఇలా రాసి చూడు:

"మామ్మా, పడవ తీస్తావా?"
"ఏమండీ, పడవ ఎప్పుడు తీస్తారు?"
"ఏయ్ ముసలీ, పడవ తియ్యి."

మూడింట్లోనూ అడిగింది పడవే. మొదటివాడు ఆ ఊరివాడో, ఆ ఊరివాడు కావాలనుకునేవాడో. రెండోవాడు పట్నం నుంచి వచ్చాడు, ఆవిడకి అతనంటే కాస్త భయం. మూడోవాడికి ఆ లంకలో ఇక ఎవరూ మంచినీళ్లివ్వరు. మంచి చెడ్డల మీటరు పెట్టనా అని అడిగావు. ఎందుకు? ఆవిడ వాణ్ణి తిరిగి ఏమని పిలుస్తుందో అదే నీ మీటరు. "నాయనా" నుంచి "బాబుగారూ"కి మారిన రోజున, తనని ఆవిడ దూరం పెట్టిందని ఆడేవాళ్లకి గుండెలో తెలుస్తుంది.

ఇంకొకటి. నీ స్క్రిప్టులో హీరో బతిమాలి ఓడిపోతే "విఫలం" అని ఒక్క మాట వేసి ఊరుకున్నావు. 2019లో వచ్చిన డిస్కో ఎలిసియం ఆడు. అందులో హీరో ప్రయత్నం ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆ పాచికలు తిరగబడిన చోట కూడా ఎంత శ్రద్ధగా రాశారో చూడు. ఓడినవాడికి కూడా సీను కావాలి.

జీతాల సంగతి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది ఈ ఉత్తరంలో రాయను. ఒకటి మాత్రం చెప్పాలి. కొడుకు గురించి చెబుతూ చెబుతూ మామ్మ మధ్యలో ఆగి "అన్నం తిన్నావా?" అని అడుగుతుంది చూడు, అక్కడ నాకు కళ్లు తడిశాయి. రెండోసారి స్క్రిప్ట్ తెరిచింది ఆ మాట కోసమే.

ఆ ప్రశ్నకి నువ్వు ఆప్షన్లే పెట్టలేదు. అక్కడ పెట్టు. తిన్నానని అబద్ధం చెప్పేవాడు, లేదని ఆవిడ పక్కన కూర్చునేవాడు, ఏమీ అనకుండా తెడ్డు అందుకునేవాడు. రేవు సీను మొత్తం తిరగరాసి ఆదివారం లోపల పంపు. చావమన్న ఆ కుర్రాణ్ణి మామ్మ పడవ ఎక్కించుకుంటుందో లేదో నాకు తెలియాలి.

మీ అక్క