స్టెంధాల్ అధ్యాయాల ముందు పెట్టిన కొటేషన్లను ఎంతవరకు నమ్మొచ్చు?

"ఫ్రెంచ్ నవలాకారుడు స్టెంధాల్ రాసిన ‘ది రెడ్ అండ్ ది బ్లాక్’ నవలలో దాదాపు ప్రతి అధ్యాయం ముందూ ఎవరిదో ఒక కొటేషన్ ఉంటుంది కదా, వాటిని బట్టి ఆయన మీద ఏ రచయితల ప్రభావం ఉందో చెప్పొచ్చా?" అని మీ ప్రశ్న.

కింద ఉన్న పేరును పట్టుకుని మాత్రం చెప్పలేం. ఆ కొటేషన్లలో చాలావాటిని స్టెంధాలే అల్లాడు. కొన్నిచోట్ల ఒకరి మాటను ఇంకొకరి ఖాతాలో వేశాడు. నేను చదివిన ఇంగ్లీష్ అనువాదానికి చివర నోట్స్ ఉన్నాయి. కథ ఒక చేత్తో, నోట్స్ పేజీ ఒక చేత్తో పట్టుకుని చదివాను. "ఈ వాక్యం ఆ రచయిత పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు" అన్న మాట మళ్ళీ మళ్ళీ తగులుతుంటే, కథకన్నా ఈ దొంగ సంతకాల మీదే ఆసక్తి పెరిగిపోయింది.

మొదటి అధ్యాయమే చూడండి. వెరియేర్ అనే చిన్న ఊరి వర్ణన. దాని పైన ఇంగ్లీషులో మూడు ముక్కలు: వేలమందిని ఒకచోట చేర్చండి, అంత చెడ్డగా ఉండదు, కానీ పంజరంలో సందడి తగ్గుతుంది అని. కింద తత్వవేత్త హాబ్స్ పేరు. హాబ్స్ రచనల్లో ఈ మాటలు కనిపించవు. ఇంకోచోట "మనిషికి మాట ఇచ్చింది మనసులోది దాచుకోవడానికే" అన్న వాక్యం కింద మలగ్రీదా అనే జెసూట్ (ఒక క్యాథలిక్ సన్యాసుల సంఘం) మతగురువు పేరుంది. ఆ మాట జనం నోట ఉన్నది మాత్రం ఫ్రెంచ్ రాజనీతిజ్ఞుడు తాలేరాన్ పేరు మీద. నవల 1830లో వచ్చింది. ఆ కాలపు ఫ్రాన్సులో జెసూట్లంటే రాజకీయంగా ఎంత వేడి విషయమో తెలిస్తే, ఆ పేరు మార్చడంలోని కొంటెతనం అర్థమవుతుంది. పేరు కూడా వ్యంగ్యంలో భాగమే. ఈయన అసలు పేరు హెన్రీ బేల్, జీవితంలో వందకు పైగా మారుపేర్లు వాడిన మనిషి. అలాంటివాడు ఇతరుల పేర్లను మాత్రం ఎందుకు వదిలిపెడతాడు?

నాకు అన్నిటికన్నా నచ్చింది అద్దం సంగతి. మొదటి భాగం 13వ అధ్యాయం పైన "నవల అంటే దారి పొడవునా మోసుకెళ్ళే అద్దం" అని ఉంటుంది, కింద సాన్-రెయాల్ అనే 17వ శతాబ్దపు చరిత్రకారుడి పేరు. అదీ ఆయన రచనల్లో దొరకని వాక్యమే. సరే అనుకుని ముందుకు వెళ్తే, రెండో భాగం 19వ అధ్యాయంలో కథ చెప్పేవాడు ఉన్నట్టుండి కథ ఆపి, అదే అద్దం మాట తన గొంతుతో ఎత్తుకుంటాడు. అద్దంలో ఒకసారి నీలాకాశం కనిపిస్తుంది, ఒకసారి రోడ్డు మీది బురద కనిపిస్తుంది. బురద కనిపిస్తే అద్దం మోసేవాణ్ణి నీతిలేనివాడంటారా? తిడితే ఆ రోడ్డును తిట్టండి, ఇంకా కావాలంటే నీళ్ళు నిలిచి గుంట పడేదాకా ఊరుకున్న రోడ్ల ఇన్‌స్పెక్టర్‌ను తిట్టండి అంటాడు. అంటే ముందు ఒక పెద్దమనిషి పేరు మీద చెలామణి చేసి, తర్వాత తన వాదనగా వాడుకున్నాడు. (మన వాట్సాప్ గ్రూపుల్లో అబ్దుల్ కలాం పేరుతో తిరిగే సూక్తులు గుర్తొచ్చాయి. కాకపోతే వాటిలో ఇంత తెలివి ఉండదు.)

అలాగని అన్నీ బూటకం కాదు. ఇంగ్లీష్ కవి బైరన్ రాసిన ‘డాన్ జువాన్’ కావ్యం నుంచి తీసుకున్న పద్యాలు నిజమైనవే, కాండం నంబరు, పద్యం నంబరుతో సహా ఇచ్చాడు. ఆ కావ్యంలోని జూలియా తన చిన్న చేతిని వణుకుతూ మెల్లగా వెనక్కి తీసుకునే 71వ పద్యం వచ్చేది, చీకటి తోటలో నవల నాయకుడు జూలియెన్ తాను పనిచేసే ఇంటి యజమానురాలు మదామ్ ద రెనాల్ చెయ్యి పట్టుకునే ఘట్టాల మధ్యనే. ఇక్కడ నిజంగానే ఒక రచన ఇంకో రచనతో మాట్లాడుతోంది. స్టెంధాల్ 1816లో మిలాన్‌లో బైరన్‌ను స్వయంగా కలిశాడు కూడా.

అసలు ప్రభావం కోసం చూడాలంటే కొటేషన్లలో ఏముందన్నది కాదు, కొటేషన్ పెట్టే అలవాటు ఎక్కడిదన్నది చూడాలి. అది స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ నవలల ద్వారా యూరప్ అంతా పాకిన ఫ్యాషన్. స్కాట్ కూడా తక్కువేం కాదు. తన నవల ‘ది యాంటిక్వరీ’ ప్రూఫులు దిద్దుతున్నప్పుడు ఒక పాత నాటకంలోని వాక్యం వెతికిపెట్టమని తన స్నేహితుడు బాలెంటైన్‌ను అడిగాడట. అది ఎంతకీ దొరక్కపోయేసరికి "నువ్వు వెతికేలోపు నేనే ఒకటి రాసేస్తాను" అన్నాడని ఆయన అల్లుడు లాక్‌హార్ట్ రాశాడు. అప్పటినుంచి సొంత పద్యాల కింద "పాత నాటకం" అని వేసేసేవాడు. తమాషా ఏమిటంటే, అదే 1830లో స్టెంధాల్ ఒక పత్రికలో స్కాట్‌ను విమర్శిస్తూ వ్యాసం రాశాడు, బట్టలూ వేషాలూ వర్ణించడం తేలిక, మనసు లోపల జరిగేది చెప్పడమే కష్టమని. ఒక చేత్తో కొట్టి, ఇంకో చేత్తో ఆయన పద్ధతినే తీసుకున్నాడు.

ఇక స్టెంధాల్ నుంచి నేర్చుకున్నవాళ్ళలో పెద్ద పేరు రష్యన్ నవలాకారుడు టాల్‌స్టాయ్. యుద్ధం అంటే ఏమిటో స్టెంధాల్ వల్లే అర్థమైందని 1901లో తనను చూడవచ్చిన ఫ్రెంచ్ ప్రొఫెసర్ పాల్ బోయర్‌తో చెప్పాడు. స్టెంధాల్ మరో నవల ‘ది చార్టర్‌హౌస్ ఆఫ్ పార్మా’ (1839)లో కుర్రాడు ఫాబ్రిస్ వాటర్లూ యుద్ధభూమిలో గుర్రమెక్కి తిరుగుతూనే "ఇది నిజమైన యుద్ధమేనా?" అని ఒక సైనికుణ్ణి అడుగుతాడు. పొగ, బురద, ఎటు పరిగెత్తాలో తెలియని జనం తప్ప వాడికి ఏమీ కనిపించదు. టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’లో బొరొదినో యుద్ధం దగ్గర కథానాయకుడు పియెర్ తికమక చదివితే, అది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ నవలకు స్టెంధాల్ వాక్యం ఏదీ ముందు పెట్టిన కొటేషన్‌గా లేదు. టాల్‌స్టాయ్ ఇంకో నవల ‘అన్నా కరెనినా’ ముందు పెట్టిందేమో బైబిల్ వాక్యం.

మీరు చదవడం మొదలుపెడితే ఒకటి గమనించండి. ‘ది రెడ్ అండ్ ది బ్లాక్’ చివరి నాలుగు అధ్యాయాలకు కొటేషన్లూ లేవు, శీర్షికలూ లేవు. హడావిడిలో వదిలేశాడని కొందరంటారు. జూలియెన్ జైల్లో నటన మానేశాక రచయిత కూడా వేషాలు ఆపేశాడని నాకనిపిస్తుంది. కొనేటప్పుడు చవక ఎడిషన్ జోలికి పోకుండా నోట్స్ ఉన్నదే తీసుకోండి. నోట్స్ లేకపోతే హాబ్స్ నిజంగానే అన్నాడనుకుని ఎక్కడో కోట్ చేసేసే ప్రమాదం ఉంది.