ఇనుము మీద పీహెచ్‌డీ చేస్తే అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయిది ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. ఇనుప సూపర్‌కండక్టర్ల (బాగా చల్లబరిస్తే విద్యుత్ నిరోధం సున్నా అయ్యే ఇనుప సమ్మేళనాల) స్ఫటిక నిర్మాణంపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. మెషిన్ లెర్నింగ్‌తో కొత్త పదార్థాలు వెతికే దారి పట్టమని నేనంటున్నాను. ఏది మేలు?

జవాబు: పోలిక తర్వాత, ముందు మీ భయం సంగతి చూద్దాం. ఉద్యోగం వస్తుందా అన్నదే కదా అసలు ప్రశ్న? ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో స్ఫటికం లోపలి అమరిక చూడటం), వాక్యూమ్, క్రయోజెనిక్స్ (అతి చల్లదనంలో పని), మైక్రోవోల్టుల కొలతలు వచ్చిన మనిషి చిప్ తయారీలోనూ పనికొస్తుంది. ఆ బెంగ వదిలేయండి.

2008లో జపాన్ శాస్త్రవేత్త హోసోనో బృందం 26 కెల్విన్ (దాదాపు మైనస్ 247 డిగ్రీల సెల్సియస్) దగ్గర ఇనుప సమ్మేళనంలో సూపర్‌కండక్టివిటీ చూపినప్పటి హడావుడి ఇప్పుడు లేదు, నిజమే. ప్రశ్నలు మాత్రం తీరలేదు. ఆర్సెనిక్-ఇనుము-ఆర్సెనిక్ కోణం 109.47 డిగ్రీలకు దగ్గరైన చోటే చాలావరకు క్రాంతిక ఉష్ణోగ్రత (సూపర్‌కండక్టివిటీ మొదలయ్యే ఉష్ణోగ్రత) ఎందుకు పెరుగుతుందో ఇంకా తేల్చాల్సే ఉంది.

ఇక మీరు మెచ్చిన దారి. నా అనుమానమంతా దానికి మేపే డేటా మీదే. ఐరన్ సెలీనైడ్‌నే తీసుకోండి. సెలీనియం 1కి ఇనుము 1.01 ఉంటే 8.5 కెల్విన్ దగ్గర నిరోధం సున్నా, 1.03 అయితే సూపర్‌కండక్టివిటీయే లేదు. కొలిమి 450 డిగ్రీల సెల్సియస్ దాటితే చతురస్ర నిర్మాణం పోయి షట్కోణం వస్తుంది, అదీ పనికిరాదు. డేటా పట్టికలో మాత్రం వీటన్నిటికీ ఐరన్ సెలీనైడ్ అని ఒకటే పేరు! బేరియం ఐరన్ ఆర్సెనైడ్ 140 కెల్విన్ కింద ఒక పక్కకు కాస్త సాగుతుంది. స్ఫటికంలో సగం గళ్లు అటు, సగం ఇటు తిరిగి ఉంటాయి కాబట్టి నిరోధం మామూలుగా కొలిస్తే రెండు దిశల సగటే వస్తుంది. పక్కనుంచి నొక్కిపట్టి చల్లబరిస్తే తెలుస్తుంది, పొట్టి అక్షం వెంటే నిరోధం ఎక్కువని. నొక్కారో లేదో రాయని అంకె నుంచి యంత్రం ఏం నేర్చుకుంటుంది? 2023లో, గది ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్ అని ప్రచారమైన ఎల్‌కే-99 అనే పదార్థంలో నిరోధం పడిపోయిందని లోకమంతా ఊగిపోయింది. తీరా చూస్తే అందులో కలిసిన కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిర్మాణం మార్చుకోవడమే దాని మూలం.

ఒక మాట అంటాను, కోపగించుకోకండి. అమ్మాయి ఎంచుకున్నది మీకు అర్థం కాలేదు, అందుకే పేరు విన్నదాన్ని ముందుకు తోస్తున్నారు. కోడింగ్ తను సాయంత్రాల్లో నేర్చుకోగలదు. స్ఫటికం పెంచడం అలా రాదు.

చేరే ముందు గైడ్‌ని తను అడగాల్సినవి వేరే ఉన్నాయి: స్ఫటికాలు సొంతంగా పెంచుతారా, ఎవరైనా పంపితే కొలుస్తారా? విషమైన ఆర్సెనిక్ తూచేది గ్లవ్ బాక్స్‌లోనేనా (చేతి తొడుగులు అమర్చిన మూసిన పెట్టెలోనేనా)? చల్లబరచడానికి హీలియం ఏడాదంతా ఉంటుందా? మూడోదానికి నీళ్లు నమిలితే వేరే ల్యాబ్ చూసుకోమనండి.