ప్రాసిక్యూటర్ జీతానికి కౌంటీ పైన వేయాల్సిందేనా?

ప్రశ్న: మేం వర్జీనియాలోని లౌడన్ కౌంటీ, ఆష్‌బర్న్‌లో ఉంటాం. ఇల్లు కొని ఆరేళ్లయింది. జూన్ 5న ఒకసారి, డిసెంబరు 5న ఒకసారి ఇంటి పన్ను కట్టేటప్పుడల్లా ఈ డబ్బంతా ఎక్కడికి పోతోందన్న అనుమానం వస్తుంది. ఈమధ్య కౌంటీ బడ్జెట్ తిరగేశాను. కామన్‌వెల్త్ అటార్నీ, అంటే ప్రాసిక్యూటర్, ఆఫీసు జీతాల దగ్గర రాష్ట్రం ఇచ్చేది కొంత, కౌంటీ వేసేది కొంత అని ఉంది. ప్రాసిక్యూటర్ రాష్ట్రం తరఫున వాదించే మనిషి కదా, జీతం రాష్ట్రమే ఇస్తుంది కదా, మళ్లీ మా పన్నుల్లోంచి పైన వేయమని చట్టం ఉందా? రేపు కౌంటీని నడిపే బోర్డు ఇది ఆపేస్తే ఆయన కోర్టుకెళ్లి వసూలు చేయగలరా? మా గుంటూరులో పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారికి కార్పొరేషన్ ఒక్క రూపాయి ఇవ్వదు. ఇక్కడేమిటీ పద్ధతి?
- ఒక పాఠకుడు

జవాబు: వేయాలని చట్టం లేదు. వేయవచ్చని మాత్రం ఉంది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇంతే. కానీ మీరు చూసిన ఆ రెండో అంకెలో ఒక భాగం మాత్రం నిజంగానే తప్పనిసరి అయి ఉండవచ్చు. దాని సంగతి తర్వాత చెబుతాను.

వర్జీనియా కోడ్‌లో 15.2-1605.1 అని ఒక సెక్షన్ ఉంది. చిన్నదే, ఒక్క పేరా. షెరిఫ్, ట్రెజరర్, కమిషనర్ ఆఫ్ ది రెవెన్యూ, సర్క్యూట్ కోర్టు క్లర్క్, కామన్‌వెల్త్ అటార్నీ, వీళ్ల కింద పనిచేసే డిప్యూటీలు, ఉద్యోగులు, వీళ్లలో ఎవరికైనా సరే, ఉన్న జీతం మీద కౌంటీ లేదా సిటీ పాలకవర్గం తన విచక్షణ కొద్దీ, తనకు సబబనిపించినంత అదనంగా ఇవ్వవచ్చు అంటుంది. ఆ అదనం పూర్తిగా ఆ కౌంటీ లేదా సిటీ సొంత నిధుల్లోంచే రావాలి అని కూడా చెబుతుంది.

'ఇవ్వవచ్చు' అన్న మాట ఒక్కటే ఉంటే మా వకీళ్లు దాన్ని పట్టుకుని 'ఇవ్వాలి' అనే అర్థం లాగడానికి ఎంతోకొంత ప్రయత్నించేవాళ్లే. అదే మా వృత్తి. ఇక్కడ చట్టసభ ఆ సందు కూడా వదల్లేదు. పక్కనే 'విచక్షణ' అన్న మాట పెట్టింది, 'సబబనిపించినంత' అని మరో మాట చేర్చింది. ఇవ్వాలా వద్దా అనేదీ బోర్డు ఇష్టమే, ఎంత అనేదీ బోర్డు ఇష్టమే. సున్నా కూడా ఒక అంకే.

మరి తన డబ్బు తాను ఇచ్చుకోవడానికి కౌంటీకి ప్రత్యేకంగా చట్టం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. వర్జీనియా డిలన్ రూల్ పాటించే రాష్ట్రం. పంతొమ్మిదో శతాబ్దంలో అయోవా రాష్ట్రంలో డిలన్ అనే జడ్జి చెప్పిన సూత్రం అది. స్థానిక ప్రభుత్వానికి సొంతంగా పుట్టిన అధికారమంటూ ఏదీ లేదు, రాష్ట్రం ఇచ్చినదే ఉంటుంది. కాబట్టి కౌంటీ ఎవరికైనా పది డాలర్లు పైన వేయాలన్నా 'నీకా అధికారం ఎక్కడిది' అని అడగవచ్చు. ఆ అడిగేవాళ్ల నోరు మూయించడానికే ఈ సెక్షన్. అది అనుమతి పత్రం, డిమాండ్ నోటీసు కాదు.

ఇక జీతం అసలు ఎలా వస్తుందో చూద్దాం, ఎందుకంటే అయోమయం అంతా అక్కడే ఉంది. కామన్‌వెల్త్ అటార్నీ ప్రజలు ఎన్నుకునే పదవి, నాలుగేళ్లకోసారి ఎన్నిక. రాష్ట్ర రాజ్యాంగంలో ఏడో అధికరణం నాలుగో సెక్షన్ కింద కౌంటీకి ఉండే అయిదుగురు రాజ్యాంగ అధికారుల్లో ఒకరు. వీళ్ల జీతాల కోసం రిచ్‌మండ్‌లో కాంపెన్సేషన్ బోర్డు అని రాష్ట్ర సంస్థ ఒకటి ఉంది. రాష్ట్ర బడ్జెట్‌లో జనాభాను బట్టి మెట్లు వేసి ఉంటాయి. పెద్ద కౌంటీకి ఒక జీతం, చిన్న కౌంటీకి ఒక జీతం. జనాభా 35 వేలు దాటిన కౌంటీలో ఆ పదవిలో ఉన్నవారు పూర్తికాలం ఆ పనే చేయాలి, బయట ప్రైవేటు ప్రాక్టీసు కుదరదు. అంతకంటే చిన్నచోట్ల పొద్దున కోర్టులో ప్రాసిక్యూటర్‌గా నిలబడి, సాయంత్రం సొంత ఆఫీసులో వీలునామాలు రాసిపెట్టే మనుషులు కూడా ఉంటారు.

అయితే చెక్కు మీద మాత్రం కౌంటీ పేరే ఉంటుంది. జీతం ముందు కౌంటీ ఇస్తుంది, కాంపెన్సేషన్ బోర్డు ఆమోదించిన మేరకు రాష్ట్రం దాన్ని కౌంటీకి తిరిగి కడుతుంది. అందుకే పేస్లిప్ చూసినవాళ్లు 'మన కౌంటీయే ఇస్తోంది' అనుకుంటారు, చట్టం చదివినవాళ్లు 'అంతా రాష్ట్రానిదే' అనుకుంటారు. ఇద్దరిదీ సగం నిజం. తిరిగి వచ్చేది కాంపెన్సేషన్ బోర్డు ఆమోదించిన మేరకే. దాని పైన కౌంటీ వేసిన ప్రతి డాలరూ తిరిగి రాదు. మీ బడ్జెట్‌లో 'కామన్‌వెల్త్ నుంచి వచ్చే రాబడి' (అంటే రాష్ట్రం ఇచ్చేది) అని ఒక వరస, 'లోకల్ టాక్స్ ఫండింగ్' అని ఇంకో వరస కనబడి ఉంటాయి. మీ ఇంటి పన్నుకు సంబంధం ఉన్నది ఆ రెండోదానికి.

ఇప్పుడు నేను దాచిపెట్టిన తిరకాసు. పోలీసుల చొక్కాల మీద కెమెరాలు వచ్చాక ప్రాసిక్యూటర్ల ఆఫీసుల్లో పని ఒక్కసారిగా పెరిగింది. ఒక్క గొడవకి నలుగురు ఆఫీసర్లు వెళితే నాలుగు వీడియోలు. ఎవరో ఒకరు కూర్చుని అన్నీ చూడాలి, సంబంధం లేనివాళ్ల మొహాలు, ఫోన్ నంబర్లు కనిపించకుండా చేయాలి, ముద్దాయి తరఫు వకీలుకు ఇవ్వాలి. దాంతో 2019 నుంచి రాష్ట్ర బడ్జెట్ చట్టంలో ఒక షరతు పెట్టారు. తన పోలీసులకు బాడీ కెమెరాలు వాడే కౌంటీ లేదా సిటీ, 75 కెమెరాల వరకు ఒక పూర్తికాలపు అసిస్టెంట్ కామన్‌వెల్త్ అటార్నీ పోస్టు సొంత డబ్బుతో పెట్టి తీరాలి, ఆ తర్వాత ప్రతి 75 కెమెరాలకు ఇంకొకరు. 150 కెమెరాలుంటే ఇద్దరన్నమాట. ఆ పోస్టుకు ఇచ్చే జీతం కాంపెన్సేషన్ బోర్డు కొత్తవాళ్లకు నిర్ణయించినదానికి తగ్గకూడదు. కామన్‌వెల్త్ అటార్నీ ఒప్పుకుంటే ఈ లెక్క బదులు వేరే లెక్క ప్రకారం డబ్బు ఇచ్చుకోవచ్చు. కానీ అసలు ఇవ్వం అంటే కుదరదు.

ఇక్కడ మాట 'ఇవ్వవచ్చు' కాదు, 'ఇవ్వాలి'. తేడా ఒక్కటి గమనించండి. ఇది ఉన్న జీతం మీద పైన వేయడం కాదు, కొత్త కుర్చీ ఒకటి వేసి అందులో కూర్చునే మనిషి జీతం భరించడం. ఆ మనిషికి కాంపెన్సేషన్ బోర్డు పెట్టిన కనీసం కంటే ఎక్కువ ఇవ్వాలా అన్నది మళ్లీ కౌంటీ ఇష్టమే. కాబట్టి మీ బడ్జెట్‌లో కనబడిన కౌంటీ వాటాలో ఎంత ఈ కెమెరాల షరతు వల్ల, ఎంత కౌంటీ బోర్డు తన ఇష్టంతో వేసింది అనేది విడదీసి చూడాలి.

ఇష్టంతో వేసింది ఎందుకు వేస్తారు? ఇది నేను రోజూ కళ్లారా చూసే విషయం, కాస్త ఓపిక పట్టండి.

ఐ-95 మీద మనవాళ్లు గంటకు 85 మైళ్లు దాటి పట్టుబడతారు. వర్జీనియాలో అది మామూలు స్పీడింగ్ టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్, క్లాస్ వన్ మిస్‌డిమీనర్, అంటే చిన్నదైనా నేరమే. చట్టం ప్రకారం 12 నెలల వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా. హెచ్-1బీ వీసా మీద ఉన్న కుర్రాడు ఆ మాట వినగానే టెన్షన్‌తో నాకు ఫోన్ చేస్తాడు. కోర్టు రోజున జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో చూస్తే జడ్జి ఉంటారు, ట్రూపర్ (పట్టుకున్న రాష్ట్ర పోలీసు) ఉంటాడు, నా పక్కన ఆ కుర్రాడు ఉంటాడు. కొన్ని కౌంటీల్లో ఆ అవతలి బల్ల దగ్గర ప్రాసిక్యూటర్ ఉండరు, ఖాళీ. ట్రూపరే తన కాగితం తీసి, రాడార్ సర్టిఫికెట్ చూపించి, తాను చూసింది చెప్పి పక్కకు తప్పుకుంటాడు. మాట్లాడుకుని చార్జి తగ్గించమని అడగడానికి అవతల పక్షం వకీలే లేరు.

ఎందుకు లేరంటే, చట్టం ప్రకారం కామన్‌వెల్త్ అటార్నీ తప్పనిసరిగా నడపాల్సినవి ఫెలొనీలు, అంటే పెద్ద నేరాలు. మిస్‌డిమీనర్లు నడపడం ఆయన ఇష్టం. రాష్ట్రం ఎంతమంది అసిస్టెంట్లకు డబ్బివ్వాలో లెక్కకట్టింది కూడా చాలాకాలం ఫెలొనీ కేసులను బట్టే. భార్యను కొట్టిన కేసు, తాగి బండి నడిపిన కేసు మొదటిసారి అయితే చాలామటుకు మిస్‌డిమీనర్లే. వాటిలో కూడా కోర్టులో ఒక వకీలు నిలబడాలంటే కౌంటీ తన డబ్బుతో మనుషులను పెట్టుకోవాలి. పైగా ఉత్తర వర్జీనియాలో ఇంటి అద్దెలు మీకు నేను చెప్పక్కర్లేదు. రాష్ట్రం ఇచ్చే జీతంతోనే అయితే కొత్తగా లా పూర్తిచేసిన పిల్లలు ఏడాది పని నేర్చుకుని, ఎక్కువ ఇచ్చే పక్క కౌంటీకో, వాషింగ్టన్ ఫర్ముకో వెళ్లిపోతారు. కేసు ఫైలు చేతులు మారుతుంది, సాక్షి మూడోసారి మూడో మనిషికి తన కథ చెప్పుకోవాల్సి వస్తుంది. ముద్దాయిల తరఫున వాదించే నేను కూడా చెబుతున్నాను, అవతల అనుభవం లేని ప్రాసిక్యూటర్ ఉంటే నా పని తేలికవదు. భయంతో ఏదీ ఒప్పుకోరు.

నాకు కాస్త అభ్యంతరం ఉన్నది వేరేచోట. పేదవాళ్ల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్లు రాష్ట్ర ఉద్యోగులు. వాళ్లకు కూడా కౌంటీ పైన వేయవచ్చని వేరే సెక్షన్ ఉంది. అదీ ఐచ్ఛికమే. త్రాసులో ఒక పళ్లెంలోనే బరువు వేస్తూ పోతే తూకం ఎటు మొగ్గుతుందో తెలిసిందే కదా. ఇది నా అభిప్రాయం, చట్టం కాదు.

మీ రెండో ప్రశ్న, ఆపేస్తే కోర్టుకు వెళ్లగలరా. కెమెరాల షరతు కింద ఉన్న పోస్టుల విషయం వేరు, అక్కడ కౌంటీ మీద చట్టం పెట్టిన బాధ్యత ఉంది. ఇష్టపూర్వకంగా వేసేదాని మీద మాత్రం దావా నిలబడే ఆధారం నాకు కనబడదు. విచక్షణ ఉన్నచోట 'ఇంత ఇవ్వు' అని కోర్టు చెప్పదు. కౌంటీ బడ్జెట్ జులై 1 నుంచి జూన్ 30 వరకు ఒక్క ఏడాదికే. ఈ ఏడాది ఇచ్చారు కాబట్టి వచ్చే ఏడాదీ ఇవ్వాలన్న హక్కు దాంతో పుట్టదు. జీతం చాలట్లేదని కాంపెన్సేషన్ బోర్డు మీద పేచీ పెట్టుకోవడానికి ఆ అధికారికి వేరే దారి ఉంది, అది రాష్ట్రంతో తగాదా, మీ కౌంటీతో కాదు.

మీరు అడగలేదు కానీ చాలామందికి ఉన్న అనుమానం ఇంకొకటి. మన డబ్బు ఇస్తున్నాం కదా, ఫలానా కేసు పెట్టు, ఫలానాది వదిలేయ్ అని బోర్డు ఆఫ్ సూపర్‌వైజర్స్ చెప్పవచ్చా? చెప్పకూడదు. ఆయన బోర్డు కింది ఉద్యోగి కాదు, ఓటర్లు ఎన్నుకున్న మనిషి. ఆయన అసిస్టెంట్లను పెట్టుకునేదీ తీసేసేదీ ఆయనే. బోర్డు చేతిలో ఉన్నది డబ్బు సంచీ తాడు మాత్రమే.

గుంటూరు సంగతి. అక్కడ పీపీని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 18వ సెక్షన్ కింద. మేజిస్ట్రేటు కోర్టుల్లోని ఏపీపీలకు (అసిస్టెంట్ పీపీలకు) 19వ సెక్షన్. డబ్బు రాష్ట్ర ఖజానాదే. కార్పొరేషన్ తన సొంత దావాలకు స్టాండింగ్ కౌన్సెల్‌ను, అంటే సొంత వకీలును, పెట్టుకుని ఫీజు ఇస్తుంది, పీపీతో దానికి లావాదేవీ లేదు. నేను నరసరావుపేట కోర్టులో జూనియర్‌గా ఉన్నప్పుడు మా ఏపీపీ గారు జీతం బిల్లు ట్రెజరీలో ఎక్కడ ఆగిందో కనుక్కోమని గుమాస్తాను పంపేవారు. మునిసిపాలిటీ వైపు వెళ్లాలని ఎవరికీ తోచేది కూడా కాదు. అక్కడ పీపీ ఓట్లడిగి గెలిచిన మనిషి కాదు, జనానికి ఆయన జీతం లెక్క పట్టదు. ఇక్కడ జనమే ఎన్నుకుంటారు, కాబట్టి ఖర్చు లెక్కా వాళ్ల ముందుకే వస్తుంది.

ఒక హెచ్చరిక: ఇదంతా వర్జీనియాకే. టెక్సాస్‌లో, జార్జియాలో ప్రాసిక్యూటర్ల జీతాల చట్టాలు వేరు. ఫ్రిస్కోలో ఉన్న మీ బావమరిదికి ఈ జవాబు పంపి పందెం కాయకండి.

బడ్జెట్ మీద బహిరంగ విచారణ ఏటా జరుగుతుంది, ఎవరైనా పేరు ఇచ్చి మాట్లాడవచ్చు. దానికి కౌంటీ కేంద్రం లీస్‌బర్గ్ వెళ్లే ముందు కౌంటీ బడ్జెట్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ రాయండి. కామన్‌వెల్త్ అటార్నీ ఆఫీసులో మొత్తం ఎన్ని పోస్టులు, వాటిలో కాంపెన్సేషన్ బోర్డు ఒప్పుకున్నవి ఎన్ని, కెమెరాల షరతు కింద పెట్టినవి ఎన్ని, మిగిలినవాటి మీద కౌంటీ తన ఇష్టంతో వేసింది ఎంత అని అడగండి. మీరు బోర్డును నిలదీయగలిగేది ఆ ఆఖరి అంకె మీద.