సందేహాలు – సమాధానాలు: ‘దయచేసి’ అనకపోతే మర్యాద లేనట్టేనా?

సందేహం: మా కోడలు ముంబయిలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. పండక్కి వచ్చినప్పుడల్లా ‘మీవైపు ఎవరూ ప్లీజ్ అనరు, థాంక్స్ అనరు, సారీ అసలే అనరు’ అంటుంది. తను మాత్రం తెలుగులోనే చెప్పాలని ‘అత్తయ్యగారూ, దయచేసి ఉప్పు ఇవ్వండి’ అంటుంది. వింటే ఏదో తేడాగా ఉంటుంది గానీ ఆ తేడా ఎక్కడుందో చెప్పలేకపోతున్నాను. ‘దయచేసి’ తప్పా? గుమ్మంలో అనే ‘దయచేయండి’కీ దీనికీ చుట్టరికం ఉందా? ‘సారీ’కి ‘క్షమించండి’ మేలా, ‘మన్నించండి’ మేలా? ఎదుటివారి మాటకు మనం ఊకొట్టే ‘ఆయ్’ వింటే మొరటుగా ఉంటుందట, నిజమేనా? (ఒక పాఠకురాలు, అమలాపురం)

సమాధానం: అమ్మా, ముందు ఉప్పు సంగతి తేల్చుకుందాం. ఉప్పు చేతిలోంచి చేతికి అందించకూడదని మన ఇళ్ళల్లో పట్టింపు. గిన్నె కింద పెడితే అవతలివారు తీసుకోవాలి. కాబట్టి మీ కోడలి వాక్యంలో ‘దయచేసి’ కంటే ముందు ‘ఇవ్వండి’ దగ్గరే చిక్కుంది. ‘ఉప్పు కాస్త ఇలా పెడుదురూ’ అని ఉంటే మీకు ఏ తేడా వినిపించేది కాదు.

ఆ ‘పెడుదురూ’ను తేలిగ్గా తీసుకోకండి. వ్యాకరణంలో తద్ధర్మార్థకమని, అంటే స్వభావాన్ని చెప్పే క్రియ అని చదువుకున్న ‘చేయుదురు, వత్తురు’ రూపమే అది. పుస్తకాల్లో తప్ప లేదనుకున్నది కోనసీమ వంటింట్లో, వీధి అరుగు మీద నిక్షేపంలా ఉంది. ‘కాస్త జరుగుదురూ’, ‘ఆ తలుపు వేద్దురూ’, ‘భోంచేద్దురు గాని, కాళ్ళు కడుక్కోండి’. ఇందులో ఆజ్ఞ లేదు. మీరు చేస్తారు, అది మీ స్వభావం అని చెప్పి ఊరుకోవడమే. అడగడమంతా చివరి దీర్ఘంలో ఉంది. చనువున్న చోట ఇదే ఏకవచనంలో ‘ఇద్దూ’, ‘చెబుదూ’ అవుతుంది.

దాహం వేసినవాడు ‘నీళ్ళియ్యి’ అంటే పిల్లవాడితో అన్నట్టు. ‘నీళ్ళివ్వండి’ సాటివారితో అన్నట్టు. ‘ఇస్తారా?’ అంటే కాదనే వీలు కూడా అవతలివారికి వదిలినట్టు. ‘ఇద్దురూ’లో గౌరవమూ చనువూ కలిసి ఉంటాయి. ‘కాసిని మంచినీళ్ళు ఇప్పించండి’ వీటన్నిటికీ పైమెట్టు. ఇక్కడ ప్రేరణార్థకం, అంటే మరొకరిచేత చేయించడాన్ని చెప్పే రూపం, ఎందుకొచ్చింది? మీరే లేచి చెంబు ముంచాలని నేననడం లేదు, మీరు చెబితే తెచ్చిపెట్టేవారు ఉంటారు అని దాని భావం. ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉన్నా ఈ మాటే అంటారు. సర్కారు కచేరీల (ఆఫీసుల) వైపు నుంచి వచ్చిన మర్యాద ఇది. సెలవుచీటీల్లో ‘సెలవు ఇప్పించ ప్రార్థన’ అని దాని తోక ఇంకా మిగిలే ఉంది.

ఇంత సరంజామా క్రియలోనే ఉన్న భాషకు వాక్యం మొదట మరో మాట తగిలించాల్సిన పని ఉండదు. మనమొక్కరమే ఇలా లేము. ఫిన్లాండువారి భాషలోనూ ‘ప్లీజ్’కి సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు. వాళ్ళూ క్రియనే మెత్తబరుస్తారు. హిందీవారు ఇంట్లో ‘దీజియే’తో సరిపెట్టుకుని, ‘కృపయా’ను ప్రకటనలకూ బోర్డులకూ వదిలారు. సామర్లకోట రైల్వే స్టేషన్లోనో నిడదవోలు స్టేషన్లోనో మైకులో ‘దయచేసి వినండి’ అన్నప్పుడు మనకూ ఎబ్బెట్టుగా ఉండదు. ముక్కూ మొహం తెలియని వందలమందిని ఒకేసారి అడుగుతున్న గొంతు అది. అదే మాటతో అత్తగారిని ఉప్పు అడిగితే ఆవిడ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టుంటుంది. మీకు వినిపించిన తేడా అదే.

ఇక చుట్టరికం మాట. ఉంది. పెద్దలు మనపట్ల ఏ పని చేసినా దయే అనుకున్న కాలంలో పుట్టింది ‘దయచేయు’. ఇస్తే దయచేశారు, వస్తే దయచేశారు, వెళ్ళినా దయచేశారు. ఎవరినైనా పొమ్మని నోరారా అనడం మనకు ఇష్టం ఉండదు కదా. వెళ్ళేవాడు ‘వెళ్ళొస్తాను’ అంటాడు, సాగనంపేవాడు ‘మంచిది, వెళ్ళి రండి’ అంటాడు. బయలుదేరినవాణ్ణి ‘ఎక్కడికి?’ అనకుండా ‘ఎందాకా?’ అంటారు. ఆ వరసలోనే ‘దయచేయండి’ కూడా. ఇప్పుడీ మూడో అర్థం వెటకారానికి మాత్రమే మిగిలింది. గోదావరి జిల్లాల్లో ఎవరైనా ‘ఇక దయచేయండి’ అని మెల్లగా అన్నారంటే చెప్పులు వెతుక్కోవడం మంచిది.

పై మూడు అర్థాల్లోనూ అది సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ. దాన్ని ‘దయచేసి’ అని క్త్వార్థకం (‘వచ్చి’, ‘తిని’ లాంటి అసమాపక రూపం) చేసి మరో క్రియ ముందు పెట్టినప్పుడు ఒక నియమం వెంట వస్తుంది. దయ చేసేవారూ, ఆ తరవాతి పని చేసేవారూ ఒకరే కావాలి. ‘దయచేసి నా మనవి వినండి’ అన్నది నిర్దోషం. ‘దయచేసి నాకు రెండు టిక్కెట్లు కావాలి’ అంటే దయ ఎవరిది, కావలసింది ఎవరికి? ‘దయచేసి ఇచ్చట చెత్త వేయరాదు’ అంటే ఆ ‘రాదు’కు కర్తే లేదు, ఇక దయ ఎవరు చేయాలి? ‘వాన కురిసి చేను పండింది’ అనేచోట కర్తలు వేరు కదా అని పేచీ పెట్టేవారు ఉంటారు. అక్కడ వాన కారణం, పంట ఫలం. దయకీ రెండు టిక్కెట్లకీ అలాంటి లంకె లేదు. కాబట్టి ‘దయచేసి’ తప్పుమాట అని నేననను. నిజంగా దయ కోరవలసిన సందర్భానికి దాన్ని దాచుకోమంటాను.

ఈ ‘దయచేసి’కి తోడు ‘గలరు’ ఒకటి పట్టుకుంది. వాట్సాప్ గ్రూపుల్లో ‘సభ్యులందరూ దయచేసి గమనించగలరు’, శుభలేఖల్లో ‘విచ్చేయగలరు’. గలరు అంటే చేసే శక్తి ఉన్నవారని. గమనించే శక్తి సభ్యులకు ఉందని తెలుసు, గమనించమని అడుగుతున్నారా లేదా? పైగా దాని మీద ‘అని కోరడమైనది’. కోరినవారెవరో చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ‘అందరూ గమనించండి’ అంటే ఎవరి గౌరవానికీ లోటు రాదు. అయితే పాత ఉత్తరాల్లోనూ ‘పంపగలరు’ కనిపిస్తుంది, పంపుతారన్న ఆశతో రాసినది. అందుకని ఒంటరిగా వచ్చిన ‘గలరు’ను క్షమిస్తాను. దయచేసి, గలరు, కోరడమైనది మూడూ ఒకే వాక్యంలో కలిస్తే మాత్రం ఎర్రసిరా తీయాల్సిందే.

క్షమిస్తాను అన్నాను కనక మీ అసలు ప్రశ్నకు వస్తాను. క్షమించడాన్నీ మన్నించడాన్నీ ఒకే గాట కట్టడం నాకు నచ్చదు. క్షమ అంటే ఓర్పు. అన్నిటినీ మోస్తుంది కనక భూమికీ క్షమ అని పేరు. క్షమించమనడమంటే నా తప్పు బరువును మీరు ఓర్చుకోండి అనడం. మన్నించు దారి వేరు. దాని మొదటి అర్థం గౌరవించడం. రాజు కవిని మన్నించి అగ్రహారం ఇచ్చాడంటే కవి చేసిన తప్పేమీ లేదు. ‘మీ మాట మన్నించి వచ్చాను’ అంటే మీ మాటకు విలువ ఇచ్చి వచ్చానని. మన్నన, మన్ననలు పొందడం ఇప్పటికీ ఈ అర్థంలోనే ఉన్నాయి. కన్నడంలో ‘మన్నణె’ అంటే గౌరవం, ‘మన్నిసు’ అంటే గౌరవించడమూ, క్షమించడమూ. తమిళంలో ‘మన్నిప్పు’ క్షమాపణ వైపే ఒరిగింది. సంస్కృతపు ‘మన్’ ధాతువు, అంటే తలచు, ఎంచు అనేది, ప్రాకృతం మీదుగా ద్విత్వ నకారంతో మన దాకా వచ్చిందన్న వాదమే నాకు ఒప్పుదలగా ఉంది. అచ్చ ద్రావిడమనేవారితో తగవుకు దిగను గానీ, ఆ ‘తలచు’ అన్న అర్థాన్ని మాత్రం వదులుకోలేను.

ఎందుకంటారా? ఆలస్యంగా వచ్చినా, తొందరపడి మాట జారినా మన డెల్టాలో నోటికి వచ్చేది ఏమిటి? ‘ఏమీ అనుకోకండేం’. కాస్త బరువైన సంగతైతే ‘మరోలా అనుకోకండి’. నా గురించి చెడ్డగా తలచకండి అని ఇది, మంచిగా తలచండి అని ‘మన్నించండి’. ఒకే తలపును ఒకటి వద్దంటుంది, ఒకటి కావాలంటుంది. ‘సారీ’ ఎవరూ అనరని మీ కోడలు అంటోందంటే, ‘ఏమీ అనుకోకండి’ చెవిన పడుతున్నా ఆ పిల్ల దాన్ని సారీ కింద జమ కట్టుకోలేదన్నమాట. బస్సులో కాలు తగిలినప్పుడైతే మాటే ఉండదు. తగిలిన మనిషిని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటారు.

పోతన గజేంద్రుణ్ణి పిలవకుండా ఈ విషయం వదలడం నావల్ల కాదు. పద్యం అందరికీ వచ్చిందే. అడిగే తీరు కోసం మరోసారి చదవండి.

లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యెఁ, బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను; మూర్ఛ వచ్చెఁ; దనువున్ డస్సెన్; శ్రమంబయ్యెడిన్;
నీవే తప్ప నితఃపరం బెఱుఁగ; మన్నింపందగున్ దీనునిన్;
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

మొదటి రెండు పాదాల్లో అడగడమే లేదు. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, ఒళ్ళు అలిసిందని తన స్థితి చెప్పుకుంటున్నాడు. మనవాళ్ళు సాయం అడిగేముందు ‘పొద్దున్నించీ తిరుగుతున్నానండి, కాళ్ళు పీకేస్తున్నాయి’ అని మొదలుపెట్టేది ఈ బాణీలోనే. అసలు సంగతి తొందరగా చెప్పరని పట్నవాసులు విసుక్కుంటారు గానీ, ‘ప్లీజ్’ చేయాల్సిన పని ఆ ఉపోద్ఘాతమే చేస్తుంది.

మూడో పాదంలో మొదటి విన్నపం. ‘మన్నించు’ అనలేదు, ‘మన్నింపందగున్’ అన్నాడు. మన్నించడం తగిన పని అని. ఇవాళ మనం ‘మన్నించాలి’, ‘తమరు రావాలి’ అనేది ఈ తోవలోనే. బొట్టు పెట్టి పెళ్ళికి పిలిచేవారు ‘తప్పకుండా రావాలండి’ అన్నప్పుడు అందులో హుకుం ఎవరికీ వినపడదు. దాన్నే ఇంగ్లీషులో ‘మస్ట్’ చేసి చెబితే వినేవాడు ఉలిక్కిపడతాడు. నాలుగో పాదంలో ‘రావే, కావవే’. విడదీస్తే రావు+ఏ, కావవు+ఏ. రావా? కాపాడవా? అని వ్యతిరేకార్థంలో బతిమాలడం. ‘ఒకసారి రాకూడదూ’, ‘ఆ సంచీ కాస్త పట్టుకోకూడదూ’ అని ఇప్పుడు మీరంటున్నది దీని మనవరాలే. ఇక చిట్టచివర ఉత్త ‘సంరక్షించు’. ఊపిరి తగ్గేకొద్దీ మర్యాద ఒక్కొక్క మెట్టే దిగింది, చివరికి విధిక్రియ మిగిలింది. దేవుణ్ణి ‘నీవు’ అన్నాడు, ‘దయచేసి’ అనలేదు. అయినా ఇంతకంటే వినయంగా అడిగిన పద్యం తెలుగులో నాకు తోచదు.

‘మన్నింపందగున్’కు క్షమించమనే అర్థం చెప్పేవారున్నారు. అంతకు కొద్ది ముందే ‘కలఁడు గలండనెడు వాఁడు గలఁడో లేఁడో’ అని సందేహపడ్డాడు కనక అందుకు క్షమాపణ చెప్పుకున్నాడని వారి మాట. గట్టి మాటే. నా మనసు మాత్రం ‘దీనుణ్ణి లెక్కలోకి తీసుకో’ అన్న అర్థం వైపే మొగ్గుతుంది. రెండూ పట్టే మాటను కవి ఎన్నుకున్నాడు కనక ఈ తగవు తెగదు.

మీకు ఒక కొలత కావాలంటే ఇలా పెట్టుకోండి. చిన్న పొరపాటుకు ‘ఏమీ అనుకోకండి’, అవతలివారి మర్యాదకు లోటు చేసినప్పుడు ‘మన్నించండి’, నష్టమో బాధో కలిగించినప్పుడు ‘క్షమించండి’. ఇది శాస్త్రం కాదు, నా అలవాటు.

థాంక్స్‌కు వస్తే, ‘ధన్యవాదాలు’ సభల్లో బాగానే ఉంటుంది. పక్కింటివారు అరిటాకులు కోసి పంపితే ‘అయ్యో, శ్రమ పడ్డారు’ అంటాం, పెద్దవాళ్ళైతే ‘చల్లగా ఉండండి’ అంటారు, ‘దాందేవుందండి’ అని జవాబు వస్తుంది. పులుసు వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకపోవడం కూడా ఈ పద్దులోదే.

‘ఆయ్’ మొరటు ఎంతమాత్రమూ కాదు. చెప్పేవారి వాక్యం ముగిసినప్పుడల్లా వినేవారి నోట అది పడాలి. పడకపోతే చెప్పేవారు ‘వింటున్నారా?’ అని ఆగిపోతారు. దాని జత ‘అండి’. ‘నేనండి’, ‘రేపండి’ అని దేనిమీదైనా వాలుతుంది, అప్పటికే ‘అండి’ ఉన్న క్రియ మీద కూడా ‘చెప్పండండి’ అని మరోసారి వచ్చి కూర్చుంటుంది. భీమవరం వైపు రాజుల (క్షత్రియుల) ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా ఈ గౌరవం దక్కుతుంది. వినుఁడు, రండు అనే పాత బహువచన విధిరూపాల ప్రత్యయమే మారి, క్రియను వదిలి ఇలా తిరుగుతోందని నా అభిప్రాయం. రాతలో మాత్రం క్రియకు ఒక్క ‘అండి’ చాలు.

మీ కోడలికి ఒక జాగ్రత్త చెప్పండి. ‘ఆయ్’ అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. వడ్రంగి మేస్త్రీకి మంచం కోళ్ళ సంగతి చెబుతుంటే మాటకో ‘ఆయ్’ వస్తుంది. విన్నానని మాత్రమే దాని అర్థం. మంచం ఎప్పటికి వస్తుందో తెలియాలంటే ‘ఏ రోజుకి ఇప్పిస్తారండీ?’ అని విడిగా అడగాలి.