కోచ్ దగ్గరికా, డాక్టరు దగ్గరికా?

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. మా ఆయనకు 41 ఏళ్లు, రైస్‌మిల్లులో గుమస్తా. దసరా ముందు మా మామయ్య పోయారు. ఆ వెంటనే చిట్టీలో పెట్టిన 3 లక్షలు మునిగాయి. రెండు నెలలుగా ఆయన మనిషి మనిషిలా లేడు. తెల్లవారుజామున మూడింటికే లేచి అరుగు మీద కూర్చుంటాడు. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటాడు. మిల్లులో పద్దులు తప్పుతున్నాయట. మొన్న రాత్రి "నేను లేకున్నా బీమా డబ్బులతో మీరు బతుకుతరు" అన్నాడు. హైదరాబాద్‌లో ఉండే మా మరిది, తనకు తెలిసిన లైఫ్ కోచ్ దగ్గర మూడు రోజుల క్లాసు ఉంది, ఇద్దరూ వెళ్తే ఫ్యామిలీ కోచింగ్ కూడా ఇస్తారు, 20 వేలు నేనే కడతా అంటున్నాడు. డాక్టరుకు చూపిస్తే పిచ్చి అని పేరు పడుతుందని అత్తమ్మ భయం. ఏం చేయను?
– ఒక చెల్లెలు

జవాబు: చెల్లె, బీమా మాట దగ్గర నేను ఆగిపోయాను. మిగతావన్నీ తర్వాత. ఈ రాత్రే, పిల్లలు పడుకున్నాక, ఆయన పక్కన కూర్చుని సూటిగా అడుగు: "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు. అలా పుట్టదు. దాచుకున్న మాట బయటపెట్టే దారి దొరుకుతుంది. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే పొద్దున దాకా ఆగకుండా వేరే ఇంటికి చేర్చు. అవుననీ, ఎలాగో కూడా ఆలోచించాననీ ఆయన అంటే, ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకుపో. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. రాత్రి పగలు ఎప్పుడైనా, పైసా ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడొచ్చు. ఆయన చేయనంటే నువ్వు చెయ్.

ఇక కోచ్ సంగతి. మీ మరిది ప్రేమతోనే అంటున్నాడు. ఒకప్పుడు నేనూ అదే పని చేశాను కాబట్టి చెప్తున్నా. దేవరకొండలో మా తమ్ముడికి ఎరువుల దుకాణం దెబ్బతిన్నప్పుడు, నేనే డబ్బు కట్టి అలాంటి క్లాసులో చేర్పించాను. ఒక నోటుబుక్కు ఇచ్చి లక్ష్యాలు రాసుకోమన్నారు. "5 గంటలకు లేవాలి, 10 మందికి ఫోన్ చేయాలి" అని మొదటి పేజీలో రాశాడు. నాలుగు రోజులు టిక్కులు. ఐదో రోజు ఖాళీ. ఆరో రోజు వాడి చేతిరాతలో ఒకటే ముక్క: "దీనికి కూడా పనికిరాను." ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నెల తర్వాత సైకియాట్రిస్టుకు చూపిస్తే డిప్రెషన్ అన్నారు. అక్కడా పనులు ఇచ్చారు. కానీ చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయావో అడిగి, పనిని ఇంకా చిన్నది చేశారు. వీధి చివరిదాకా నడిచి రావడం కూడా ఒక రోజు పనే.

దుకాణం రెండోది పెట్టాలా, అన్నదమ్ముల మధ్య పని ఎలా పంచుకోవాలి, పిల్లాణ్ని ఏ కోర్సులో చేర్చాలి లాంటి వాటికి కోచ్ నిజంగా ఉపయోగపడతాడు. ఎందుకంటే వాటి కోసం వచ్చే మనిషి తింటున్నాడు, నిద్రపోతున్నాడు, చెప్పింది చేయగలడు. మీ ఆయనకు ఆ చేయగలిగే శక్తే దెబ్బతిన్నది. ఏళ్ల తరబడి పద్దులు రాసిన చెయ్యి కూడిక తప్పుతోందంటే అది బద్ధకం కాదు.

తండ్రి పోయిన బాధ అనుకుంటున్నారేమో. ఆ బాధ అలలా వచ్చి పోతుంది, మధ్యలో నాయన మాట ఏదో గుర్తొచ్చి నవ్వు కూడా వస్తుంది. నిద్ర, తిండి, పనిలో ధ్యాస రెండు వారాలకు మించి రోజూ ఇలాగే ఉంటే డాక్టరు చూడాల్సిందే. మీకు రెండు నెలలైంది.

నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లు. థైరాయిడ్, షుగర్ లాంటివి కూడా చూడమని అడుగు, ఒంట్లో లోపం వల్ల కూడా మనిషి ఇలా కుంగుతాడు. మందు రాస్తే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే తగ్గలేదని మానేయొద్దు, తగ్గిందని కూడా సొంతంగా ఆపొద్దు. మాట్లాడి చేసే థెరపీ కోసం క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపితే, అలాంటి వాళ్లను నమోదు చేసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడుగు. లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. మంచి కోచ్ అయితే ఈ ఉత్తరం చదివి తనే డాక్టరు దగ్గరికి పంపుతాడు.

మీ మరిదికి ఒక మాట చెప్పు: "ఆ డబ్బు ఇప్పుడే కట్టకు, నువ్వే ఒక రోజు సెలవు పెట్టి అన్నతో ఆస్పత్రికి రా." అత్తమ్మతో "నిద్ర పట్టట్లేదు కదా, చూపించుకొస్తాం" అను. అబద్ధం ఏమీ కాదు. ఆయన కోలుకున్నాక, చిట్టీ డబ్బు మీద మీ ఇద్దరికీ మాటా మాటా పెరిగితే అప్పుడు ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కు కలిసి వెళ్లండి.

డాక్టరు గది లోపలికి నువ్వు కూడా వెళ్లు. మగవాళ్లు డాక్టరు ముందు "ఏం లేదు సార్, బాగానే ఉన్న" అంటారు. మూడింటికి లేవడం, నాలుగు ముద్దలు, ఆ బీమా మాట, ఏది ఎప్పుడు మొదలైందో చీటీ మీద రాసి పట్టుకెళ్లు. చూపించుకుని వచ్చాక నాకొక ఉత్తరం ముక్క రాయి, ఎదురు చూస్తుంటా.