రెండు స్కూప్‌లు తాగుతున్నా పన్నెండో కిలోమీటరు దాటలేకపోతున్నాను

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41, బరువు 62 కిలోలు. హాఫ్ మారథాన్ కోసం ఏడాదిగా పరుగెత్తుతున్నాను. స్టామినా పెరుగుతుందని జిమ్‌లో చెబితే మూడు నెలలుగా వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పౌడర్) వాడుతున్నాను. ఉదయం పరుగుకి ముందు ఒక స్కూప్, రాత్రి భోజనం మానేసి ఇంకో స్కూప్. అయినా 12 కిలోమీటర్లు దాటగానే కాళ్లు లాగేసి నడక మొదలుపెడుతున్నాను. పొట్ట ఉబ్బరంగా ఉంటోంది. కిడ్నీలు పాడవుతాయని ఇంట్లో ఒకటే టెన్షన్. మానెయ్యాలా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ 'రాత్రి భోజనం మానేసి' అన్న చోట ఆగిపోయాను. మీ ఇబ్బంది అంతా అక్కడే మొదలైందని నా నమ్మకం.

డబ్బా వెనక లేబుల్ చూడండి. సాధారణంగా 30 గ్రాముల స్కూప్‌లో 24 గ్రాముల ప్రోటీన్, 120 కేలరీల దాకా ఉంటాయి. మీ బరువుకి ఒక్కో కిలోమీటరుకి దాదాపు 60 కేలరీలు ఖర్చవుతాయి. అంటే 12 కిలోమీటర్లకి ఏడు వందల పైమాటే. రాత్రి 120, పొద్దున 120 కేలరీలతో బయల్దేరితే శరీరం ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది చెప్పండి? పరుగులో కండరాలు ముఖ్యంగా వాడుకునేది పిండి పదార్థాల నుంచి దాచుకున్న గ్లైకోజెన్‌నీ, కొవ్వునీ. ప్రోటీన్ నుంచి వచ్చే శక్తి మామూలుగా నూటికి అయిదు వంతుల దగ్గరే. గ్లైకోజెన్ అడుగంటితే కాళ్లు అలా లాగేస్తాయి. నేను పరుగు నేర్చుకున్న కొత్తలో ఖాళీ కడుపుతో వెళ్లి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఆ నీరసం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మరి వే ఎందుకు? పాలు విరిగాక మిగిలే నీళ్లలోంచి తీసేదే వే. పాల ప్రోటీన్‌లో అయిదో వంతు అదే, మిగతాది కేసిన్. వే త్వరగా అరుగుతుంది. కండరాల మరమ్మత్తుకి సిగ్నల్ ఇచ్చే లూసిన్ అనే అమైనో ఆమ్లం అందులో బాగా ఉంటుంది. కాబట్టి పరుగయ్యాక కోలుకోవడానికి పనికొస్తుంది. స్టామినా కోసమే అయితే, తిండిలో పిండి పదార్థాలు సరిపడా ఉన్నప్పుడు పౌడర్ వల్ల అదనంగా ఒరిగేది పెద్దగా లేదు. దూరం పరుగెత్తేవాళ్లకి రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ చాలు. మీకు 75 నుంచి 100 గ్రాములు. అందులో చాలా వరకు భోజనంలోనే వస్తుంది, తక్కువ పడిన రోజు ఒక్క స్కూప్ కలుపుకోండి. ఆ స్కూప్‌ని ఒకసారి వంటింటి త్రాసు మీద తూచండి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన శిఖరం కట్టి తీసిన స్కూప్ 41 గ్రాములు తూగింది, లేబుల్ మీద మాత్రం 30!

ఉబ్బరానికి లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, కారణం కావచ్చు. వే పౌడర్లలో కాన్సంట్రేట్ అనే రకంలో అది ఎక్కువ, ఇంకా శుద్ధి చేసిన ఐసొలేట్ రకంలో చాలా తక్కువ. రెండు వారాలు పూర్తిగా ఆపి చూడండి, తేడా తెలుస్తుంది. పాల అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం ఏ రకమూ ముట్టుకోకూడదు.

కిడ్నీల సంగతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఈ మోతాదులో హాని జరుగుతుందనడానికి ఆధారాలు లేవు. కిడ్నీ జబ్బు ముందే ఉంటే మాత్రం నిజంగా ప్రమాదం, అది చాలామందిలో బయటికి కనిపించకుండా ఉంటుంది. మీకు షుగరో బీపీయో ఉందో లేదో రాయలేదు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించండి, ఇంట్లోవాళ్లకీ ధైర్యంగా ఉంటుంది. అదే రక్తంతో హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్ కూడా చూడమనండి. ఐరన్ తగ్గినా ఇలాగే నీరసం వస్తుంది.

ఈ రాత్రి నుంచే భోజనం చెయ్యండి. గంట దాటే పరుగులకి మధ్యలో తీపి పానీయం ఏదైనా, గంటకి 30 గ్రాముల పిండి పదార్థం అందేలా దగ్గర ఉంచుకోండి. నాలుగు వారాలయ్యాక ఎన్నో కిలోమీటరు దాకా వెళ్లగలిగారో, రిపోర్టుల్లో ఏముందో నాకు రాయండి.