ఈల ఎందుకు వేశారో తెలియాలంటే నీలి గీత చూడండి

ఐస్ హాకీలో ఊరికే ఆట ఎందుకు ఆపుతున్నారో తెలియట్లేదా? చాలాసార్లు కారణం ఆఫ్‌సైడో ఐసింగో అయి ఉంటుంది. కాసేపు పక్‌ని (బంతికి బదులు వాడే చదునైన బిళ్లని) వదిలేసి నీలి గీత మీద కన్నేయండి. ప్రత్యర్థి వైపు నీలి గీతను పక్ దాటకముందే దాడి చేసే ఆటగాడి రెండు స్కేట్లూ దాటేస్తే ఆఫ్‌సైడ్. మధ్య ఎర్ర గీతకు ఇవతలి నుంచి కొట్టిన పక్ ఎవరికీ తగలకుండా అవతలి గోల్ గీత దాటితే ఐసింగ్. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో, పెనాల్టీ వల్ల ఒకరు 2 నిమిషాలు బయట కూర్చోవడంతో ఆటగాడు తగ్గిన జట్టుకు ఇందులో మినహాయింపు ఉంది, అందుకే వాళ్లు ఆ 2 నిమిషాలూ పక్‌ని దూరంగా కొట్టేస్తుంటారు. నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే.

చరిత్ర 1875 మార్చి 3న కెనడాలోని మాంట్రియల్‌లో విక్టోరియా రింక్‌ (మంచు మైదానం)లో జరిగిన మ్యాచ్‌తో మొదలుపెట్టండి. బంతి అయితే ఎగిరి ప్రేక్షకులకు తగులుతుందని అప్పుడు దాని బదులు చదునైన చెక్క బిళ్ల వాడారు.